దసరా సెలవుల్లో రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్‌లా ప్రయాణం: 200డి కెమెరాకు ఏ లెన్సులు చాలు?

కావలి వాసి:

సభ్యులందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళ్లి, ఒక రోజు రామోజీ ఫిల్మ్ సిటీ, మరొక రోజు రావిర్యాల దగ్గరి వండర్‌లా చూసి రావాలని మా ఇంట్లో నిర్ణయం జరిగింది. మేము మొత్తం ఆరుగురం: నేను, నా భార్య, తొమ్మిదేళ్ల పాప, అయిదేళ్ల బాబు, మా అమ్మా నాన్నా. అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి. ఆమె ఎక్కువ దూరం నడవలేరు కాబట్టి వారిద్దరూ నీడ పట్టున ఒకచోట కూర్చుంటే, మేము పిల్లలను రైడ్ల దగ్గరికి తిప్పి మళ్లీ వారి దగ్గరికి చేరుకోవాలన్నది మా ఆలోచన. మా బాబు చేయి వదిలితే జనంలో కలిసిపోయే రకం. అందువల్ల నా రెండు చేతుల్లో ఒకటి వాడికే అంకితమని ముందుగానే మనవి చేస్తున్నాను.

నా దగ్గర కెనాన్ 200డి మార్క్ 2 కెమెరా, దానితో పాటు వచ్చిన 18-55 లెన్సు, 55-250 లెన్సు ఉన్నాయి (ఈ అంకెలు మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్; అంకె తగ్గితే వెడల్పుగా, పెరిగితే దూరపువి దగ్గరగా కనిపిస్తాయి). పగటి వెలుతురులో ఈ రెండింటి మీదా నాకు ఏ ఫిర్యాదూ లేదు. చిక్కంతా చీకటి పడిన తరువాతే వస్తున్నది. ఇంట్లో పుట్టినరోజు నాడు ట్యూబులైటు కింద తీసిన ఫోటోల్లో పిల్లలు కదిలిన చోటల్లా మసకే కనిపించింది; ఫ్లాష్ వేస్తే ముఖాలు సున్నం కొట్టినట్టు తెల్లబారుతున్నాయి. ఫిల్మ్ సిటీలో హాళ్లలో జరిగే ప్రదర్శనలు, సాయంత్రం దీపాల అలంకరణ ఉంటాయి కనుక అక్కడ కూడా ఇదే గతి పడుతుందేమోనని సంకోచిస్తున్నాను.

ఒక లెన్సు కొనడానికి ఇంట్లో ఒప్పుకున్నారు, రెండోదానికి మాత్రం ఒప్పుకోరు. నా మనసులో మూడు ఉన్నాయి: 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 (ఎఫ్ అంకె ఎంత తగ్గితే అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది), పలుచగా ఉండే 24 ఎం.ఎం. ఎఫ్ 2.8, పెద్ద పెద్ద సినిమా సెట్టింగులు మొత్తం పట్టే 10-18. ఇవి కాక, మా బావమరిది దగ్గర టామ్రాన్ 18-400 ఉంది. అడిగితే వారం రోజులకు ఇవ్వడానికి అతనికి అభ్యంతరం లేదు. అదొక్కటే తగిలించుకుని, మార్చే బాధ లేకుండా తిరిగి రావచ్చునా, లేక కొత్తది కొనడమే మేలా? కుటుంబంతో ఇటువంటి చోట్ల తిరిగి ఫోటోలు తీసిన అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

ట్రంకు రోడ్డు స్టూడియో, నెల్లూరు:

కావలి వాసి గారూ, మీ ప్రశ్నలో అవసరమైన వివరాలన్నీ ఉండడం వల్ల జవాబు చెప్పడం సులువైంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు తీసే వృత్తి నాది. జనం మధ్య నిలబడి, కదిలే పిల్లలను, సరిపోని వెలుతురులో పట్టుకోవడమే మా రోజువారీ పని కనుక నా అభిప్రాయం ఆ కోణం నుంచి ఉంటుంది.

ముందుగా 10-18 సంగతి. దాని బరువు 240 గ్రాములే, బొమ్మ కూడా బాగుంటుంది. కానీ దాని అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) ఎఫ్ 4.5 నుంచి 5.6 వరకే తెరుచుకుంటుంది కాబట్టి, మీరు చెప్పిన చీకటి సమస్యకు అది ఏ విధంగానూ అక్కరకు రాదు. పైగా 10 ఎం.ఎం. దగ్గర ఫ్రేము అంచున నిలబడిన మనిషి ముఖం పక్కకు సాగిపోతుంది. ఆరుగురిని వరసగా నిలబెడితే చివర ఉన్న ఇద్దరూ మిమ్మల్ని క్షమించరు. సెట్టింగు మొత్తం కనపడాలంటే ఈ కాలపు ఫోన్లలో చాలావాటికి అల్ట్రా వైడ్ కెమెరా ఉంటుంది. మధ్యాహ్నపు ఎండలో ఆ పనికి అది చాలు.

18-400 పగలు మంచి సేవ చేస్తుంది. కానీ అది 700 గ్రాములకు పైబడిన లెన్సు. మీ కెమెరా బాడీ 450 గ్రాముల లోపే ఉంటుంది కనుక ముందు భాగం బరువుకు కిందికి వాలుతుంది, ఒక్క చేత్తో నిలపడం కష్టం. పూర్తిగా జూమ్ చేస్తే అపర్చర్ ఎఫ్ 6.3కు పడిపోతుంది. సాయంత్రం ఆరు దాటిన తరువాత దానితో పని లేదనే అనుకోండి.

ఇక 50 గురించి. ఎవరిని అడిగినా ముందు ఈ లెన్సే కొనమంటారు, ధర తక్కువ, వెలుతురు ఎక్కువ పడుతుంది. కానీ మీది చిన్న సెన్సర్ (బొమ్మ పడే చిప్) ఉన్న కెమెరా కావడం వల్ల 50 ఎం.ఎం. లెన్సు మీకు ఫుల్ ఫ్రేము (పెద్ద సెన్సర్) లెక్కలో 80 ఎం.ఎం. లెన్సు చూపినంత ఇరుకుగానే చూపిస్తుంది. దూరం లెక్క వేసి చెబుతాను. ఆరుగురు పక్కపక్కన నిలబడితే, అటూ ఇటూ కొంత ఖాళీతో కలిపి, మూడున్నర మీటర్ల వెడల్పు ఫ్రేము కావాలి. 50తో అది పట్టాలంటే మీరు దాదాపు 8 మీటర్లు వెనక్కి జరగాలి. 24తో అయితే 4 మీటర్ల లోపే సరిపోతుంది. సెలవుల రద్దీలో మీకూ మీ కుటుంబానికీ మధ్య 8 మీటర్ల ఖాళీ స్థలం మిగలదు, మీరు క్లిక్ నొక్కే లోపు నలుగురు అడ్డం నడుస్తారు. ఒక్క మనిషిని నిలువునా తల నుంచి చెప్పుల దాకా తీయాలన్నా 50తో 5 మీటర్ల దూరం కావాలి.

అందుచేత నా సలహా 24 ఎం.ఎం. ఎఫ్ 2.8 ఎస్‌టీఎం (చప్పుడు తక్కువ చేసే ఫోకస్ మోటారు ఉన్న రకం). బరువు 125 గ్రాములు, మందం రెండు వేళ్లు కూడా ఉండదు, 16 సెంటీమీటర్ల దగ్గరి వస్తువు మీద కూడా ఫోకస్ అవుతుంది. బస్సులో పక్క సీట్లో కూర్చున్న బాబును కూడా తీయవచ్చు. ఖర్చు ఇంకొంచెం పెట్టగలిగితే సెకండ్ హ్యాండ్‌లో సిగ్మా 17-50 ఎఫ్ 2.8 కోసం వెతకండి. పెళ్లిళ్లకు మేము వాడుతూ వచ్చింది అదే. జూమ్ ఎంత తిప్పినా ఎఫ్ 2.8 మారదు కాబట్టి, మీ కిట్ లెన్సు (కెమెరాతో వచ్చిన 18-55) చివరి కొసన, అంటే 55 దగ్గర, పట్టే వెలుతురుకు నాలుగు రెట్లు అక్కడ దొరుకుతుంది. దాని బరువు 565 గ్రాములన్నది మాత్రం దృష్టిలో పెట్టుకోవాలి.

ఏది కొన్నా, కొనే ముందు ఒక పని చేయండి. మీ కంప్యూటరులో ఉన్న పాత కుటుంబ ఫోటోల్లో మీకు బాగా నచ్చినవి ఒక వంద తీసి, వాటి వివరాల్లో ఫోకల్ లెంగ్త్ ఎంతెంత ఉందో చూడండి. మీ చేయి ఏ అంకె దగ్గర ఎక్కువగా ఆగుతుందో ఆ జాబితాయే చెబుతుంది.

ఒంగోలు అమ్మ:

నమస్కారం. నేను వృత్తిరీత్యా ఫోటోగ్రాఫరును కాను, ఇద్దరు పిల్లల తల్లిని. మేము సింగపూరులో సెంటోసా దీవిలోని యూనివర్సల్ స్టూడియోస్ చూసి వచ్చాము, హైదరాబాదులో మీరు చెప్పిన రెండు చోట్లకూ వెళ్లాము. స్టూడియో వారు లెన్సుల లెక్క చక్కగా చెప్పారు. నేను ఆ లెన్సులు మోసుకు తిరిగే మనిషి తరఫున కొన్ని మాటలు చెప్పదలచుకున్నాను.

మొదటిది, వండర్‌లా రోజున కెమెరా పని సగం పూటే. అక్కడ నేల మీది రైడ్లతో పాటు నీటి రైడ్లు, అలల కొలను ఉంటాయి. రైడు ఎక్కేటప్పుడు చేతిలో, మెడలో, జేబులో ఏ వస్తువూ ఉండనివ్వరు. సామాను లాకరులో పెట్టుకోవాలి. మీ 200డి బాడీకీ, మీరు చెప్పిన కెనాన్ లెన్సుల్లో దేనికీ నీటి తడి నుంచి రక్షణ లేదు. కాబట్టి నీటి వైపు వెళ్లేటప్పుడు కెమెరాను పెద్దవాళ్ల దగ్గరో లాకరులోనో వదిలి, ఫోనును మెడలో వేసుకునే ప్లాస్టిక్ పౌచ్‌లో పెట్టుకుని వెళ్లండి. సింగపూరులో జురాసిక్ పార్క్ నీటి రైడు దగ్గర, ఒడ్డున నిలబడి చూసేవారి మీద కూడా తుంపరలు పడుతుంటే, మెడలో పెద్ద కెమెరాలు వేసుకున్న తండ్రులందరూ చొక్కాలు విప్పి వాటికి చుట్టడం చూశాను. కెమెరా బ్యాగులో ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు పెట్టుకుంటే ఆ పాట్లు ఉండవు. చోటును బట్టి కెమెరా, బ్యాగు నిబంధనలు మారుతుంటాయి కనుక టికెట్లు తీసుకునే ముందు రెండు చోట్లకూ ఒకసారి ఫోను చేసి కనుక్కోవడం మంచిది.

రెండవది ఎవరూ ఆలోచించని విషయం. ఇంటికి వచ్చి ఫోటోలు చూసుకుంటే, తీసిన మనిషి ఒక్క ఫోటోలో కూడా ఉండరు. మీరు ఆరుగురూ కలిసి ఉన్న ఫోటో కావాలంటే దారిన పోయేవారెవరినైనా "ఒక ఫోటో తీస్తారా అండీ" అని అడగక తప్పదు. ఆ కొత్త మనిషి చేతికి 50 ఎం.ఎం. లెన్సు ఉన్న కెమెరా ఇస్తే, ఆయన జూమ్ తిప్పబోయి, అది తిరగక, ఫోకస్ రింగును తిప్పి, చివరికి మీ నడుముల దాకా తీసి ఇస్తారు. కిట్ లెన్సును 24 దగ్గర పెట్టి, మోడ్ డయల్‌ను ఆటోలో ఉంచి, "ఇక్కడ నొక్కితే చాలండీ" అని చూపించి ఇవ్వండి. ఆ ఒక్క పనికైనా 18-55ను ఇంట్లో వదిలి వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం.

మూడవది, జనంలో నిలబడి లెన్సు మార్చే పని పెట్టుకోవద్దు. ఒక చేత్తో బాడీ, ఒక చేత్తో లెన్సు, మూతలు పళ్ల మధ్య, ఇంతలో బాబు ఐస్‌క్రీమ్ బండి వైపు పరుగు. 24 అయినా 50 అయినా కొనండి, కానీ పగలంతా ఒకటి, చీకటి పడ్డాక ఒకటి అన్న నియమం పెట్టుకోండి.

పులికాట్ కొంగ, సూళ్లూరుపేట:

ఇద్దరి మాటలతోనూ చాలావరకు ఏకీభవిస్తూనే, స్టూడియో వారి సలహాలో ఒక్క అంశాన్ని కాదనవలసి వస్తున్నది. నేను నేలపట్టులో గూడబాతులను, పులికాట్‌లో రాజహంసలను తీసేవాణ్ని. ఎంత దూరానికి ఎంత లెన్సు అన్న లెక్క నాకు వాడుకగా అయిపోయింది.

కావలి వాసి గారి దగ్గర ఇప్పటికే 18-55 ఉంది. ఆ లెన్సు 24 దగ్గర ఎఫ్ 4కు అటూ ఇటూగా తెరుచుకుంటుంది. దాని స్థానంలో 24 ఎఫ్ 2.8 కొంటే దక్కేది రెట్టింపు వెలుతురు మాత్రమే. అదే 50 దగ్గర చూడండి. కిట్ లెన్సు చివరి కొసన ఎఫ్ 5.6; ఎఫ్ 1.8కు వెళితే వెలుతురు దాదాపు పది రెట్లు. దీన్ని ఐఎస్ఓలోకి (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి; పెంచితే బొమ్మ గరుకవుతుంది) మార్చి చెబితే, కిట్ లెన్సుతో 12800 పెట్టవలసిన చోట 17-50 సిగ్మాతో 3200, 50 ఎఫ్ 1.8తో 1300 దగ్గర సరిపోతుంది. 12800 వద్ద ఈ కెమెరా బొమ్మ ఎంత ఇసుక ఇసుకగా ఉంటుందో పుట్టినరోజు ఫోటోల్లో ఆయన చూసే ఉంటారు. కొనడానికి ఒక్క లెన్సుకే అనుమతి ఉన్నప్పుడు, ఉన్న లెన్సు చేస్తున్న పనినే కొంచెం మెరుగ్గా చేసేది కొనడం కన్నా, అది అసలు చేయలేని పని చేసేది కొనడం న్యాయం. ఆరుగురి గ్రూపు ఫోటో పగలు తీసుకోవచ్చు, దానికి కిట్ లెన్సు ఉంది. రాత్రి దీపాల వెలుగులో పాప ముఖం, జేజి ఒడిలో నిద్రపోతున్న బాబు, స్టేజీ మీద నర్తకి: ఇవి 50కి దొరికే ఫోటోలు.

అయితే 50తో రెండు జాగ్రత్తలు అవసరం. దానిలో చేతి వణుకును ఆపే ఏర్పాటు లేదు, కిట్ లెన్సులో ఉంది. కాబట్టి షట్టర్ వేగం (ఫోటోకు షట్టర్ తెరుచుకుని ఉండే సమయం) 1/125 సెకనుకు తగ్గకుండా చూసుకోవాలి. ఎలాగూ పిల్లలు కదులుతూనే ఉంటారు, వారి కదలికను ఆ ఏర్పాటు ఆపలేదు, షట్టర్ వేగమే ఆపాలి. రెండవది, ఎఫ్ 1.8 వద్ద 2 మీటర్ల దూరంలో ఫోకస్ నిలిచే లోతు జానెడు కూడా ఉండదు, అందులో సగమే. పాప ముందు, బాబు వెనుక నిలబడితే ఒకరి కళ్లే స్పష్టంగా వస్తాయి. ఇద్దరినీ ఒకే వరసలో నిలబెట్టాలి, లేదా ఇంకో రెండు మీటర్లు వెనక్కి జరగాలి. అక్కడ ఆ లోతు మూరెడు అవుతుంది.

ఇప్పుడు 55-250 గురించి, ఎందుకంటే ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు. రైడు ఎక్కినవారి ముఖాలు తీయాలంటే అదే ఆధారం. మీ భార్య, పాప రోలర్ కోస్టర్ ఎక్కితే, బాబు ఎత్తు చాలదు కనుక మీరూ వాడూ కింద ఉండిపోతారు. అప్పుడు మీకూ పట్టాలకూ మధ్య 50 మీటర్లు ఉందనుకుందాం. 250 వద్ద ఆ దూరంలో ఫ్రేము వెడల్పు నాలుగున్నర మీటర్లు వస్తుంది, అంటే ఒకటి రెండు వరసల మనుషులు నిండుగా కనిపిస్తారు. 55తో తీస్తే పట్టాలు, ఆకాశమే మిగులుతాయి. బండి మొదటి చుట్టు తిరిగేటప్పుడు కెమెరా ఎత్తకండి. అది ఏ మలుపు దగ్గర నెమ్మదిస్తున్నదో, ముఖాలు ఎక్కడ మీ వైపు తిరుగుతున్నాయో, ఎండ ఎటు పడుతున్నదో చూడండి. తరువాతి బండికి ఆ మలుపు దగ్గరి పట్టా మీద ముందే ఫోకస్ చేసి, షట్టర్ 1/1000 పెట్టి, బండి అక్కడికి వచ్చే క్షణానికి బటన్ నొక్కి పట్టుకోండి. మీ కెమెరా సెకనుకు 5 ఫ్రేములు తీస్తుంది, వాటిలో ఒకటి చాలు. పట్టపగలు కనుక ఎఫ్ 5.6 వద్ద ఐఎస్ఓ 400 దాటనవసరం లేదు.

చిన్న పిల్లల రంగులరాట్నం దగ్గర ఇందుకు పూర్తిగా విరుద్ధం. అక్కడ 1/1000 పెడితే గుర్రం ఆగి ఉన్నట్టే కనిపిస్తుంది. షట్టర్‌ను 1/30కి తగ్గించి, బాబు ముఖం వెంబడే కెమెరాను తిప్పుతూ తీస్తే, వాడు స్పష్టంగా, వెనకాల దీపాలన్నీ గీతలుగా వస్తాయి. చాలావరకు పాడవుతాయి, అయినా విసుగు పడకుండా తీయండి.

ఫిల్మ్ సిటీలో పక్షుల పార్కు కూడా ఉంది. పంజరం వల ఫోటోలో కనపడకుండా ఉండాలంటే లెన్సును వలకు వీలైనంత దగ్గరగా పెట్టి, 250 వైపు జూమ్ చేసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, పక్షి వలకు దూరంగా ఉన్నప్పుడు తీయాలి. వల మీద ఎండ పడుతుంటే మాత్రం ఎంత చేసినా తెల్లని గీతలు తప్పవు, నీడ ఉన్న పక్కకు వెళ్లండి. నా దగ్గర ఉన్న 150-600 లెన్సు దాదాపు రెండు కిలోలు. దాన్ని ఇటువంటి ప్రయాణానికి ఎవరైనా అరువిచ్చినా పుచ్చుకోవద్దు. 55-250 బరువు 375 గ్రాములే కదా.

కావలి వాసి:

ముగ్గురికీ ధన్యవాదాలు. స్టూడియో వారు చెప్పినట్టు పాత ఫోటోల వివరాలు తీసి చూశాను. పగటివి ఎక్కువ భాగం 18కీ 30కీ మధ్య ఉన్నాయి. ఇంట్లో, రాత్రి పూట తీసినవి మాత్రం 45 దాటి, 55 దాకా ఉన్నాయి. అంటే చీకట్లో నాకు ముఖాలే కావాలి. దానితో 50 వైపే మనసు మొగ్గింది. స్టూడియో వారికి ఇందులో అభ్యంతరం ఉంటే చెప్పగలరు.

మార్చే సంగతికి మా ఇంటి ఏర్పాటే దారి చూపిస్తున్నది. అమ్మా నాన్నా ఒకచోట కూర్చుని ఉంటారు కాబట్టి కెమెరా బ్యాగు వారి దగ్గరే ఉంచి, నేను ఒక లెన్సు తగిలించిన కెమెరాతో మాత్రమే తిరుగుతాను. రోలర్ కోస్టర్ దగ్గరికి వెళ్లే ముందు బెంచీ దగ్గరికి వచ్చి 55-250, సాయంత్రం ప్రదర్శనకు ముందు వచ్చి 50 పెట్టుకుంటాను. నాన్నకు కూడా ఒక పని చెప్పినట్టు ఉంటుంది, లేకపోతే ఆయన ఊరికే కూర్చోలేరు.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. మధ్యాహ్నపు ఎండలో టోపీల కింద ముఖాలు నల్లగా వస్తాయి, దానికి పోలరైజర్ ఫిల్టర్ పనికి వస్తుందా? సాయంత్రం దీపాల కింద కొన్ని ఫోటోల్లో అడ్డంగా నల్లని పట్టీలు పడుతున్నాయి, అది లెన్సు లోపమా?

ట్రంకు రోడ్డు స్టూడియో, నెల్లూరు:

అభ్యంతరం లేదు. సూళ్లూరుపేట వారి లెక్క సరైనదే. నేను పెళ్లి మండపంలో గ్రూపులను దృష్టిలో పెట్టుకుని చెప్పాను. మీ ఫోటోల జాబితా 50 వైపు చూపిస్తున్నప్పుడు దానికి వ్యతిరేకంగా నేను చెప్పవలసింది ఏమీ లేదు. సిగ్మా 17-50 మీద మాత్రం నా మమకారం తగ్గలేదు. ఇంకో ఏడాదికి ఇంట్లో మళ్లీ ఒప్పుకున్నప్పుడు చూసుకోండి.

పోలరైజర్ టోపీ నీడను తొలగించలేదు. అది నీటి మీద, ఆకుల మీద, అద్దాల మీద మెరుపును తగ్గిస్తుంది, ఆకాశానికి ముదురు నీలం ఇస్తుంది. బస్సు అద్దంలోంచి తీయవలసి వస్తే ప్రతిబింబాన్ని తగ్గించడానికి అదే మందు. మీ 18-55కూ, 55-250కూ ఫిల్టర్ సైజు 58 ఎం.ఎం.గా ఒకటే కనుక ఒక్కటి కొంటే రెండింటికీ సరిపోతుంది. అయితే అది ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది) వెలుతురును మింగుతుంది, ఎండ తగ్గగానే తీసి జేబులో వేసుకోవాలి. టోపీ నీడకు మందు వేరే ఉంది: పన్నెండు నుంచి మూడు దాకా ముఖాల ఫోటోలు ఎండలో తీయకండి. ఏ వరండా కిందికో, చెట్టు నీడ అంచుకో పిలిచి, ముఖం వెలుతురు వచ్చే వైపు తిప్పి తీయండి. ఎండవేళను సెట్టింగులకు, భవనాలకు వదిలేయండి.

స్టేజీ ప్రదర్శనకు ఫ్లాష్ వేయవద్దు. అది దూరపు స్టేజీకి చేరదు, మీ ముందు వరసలో కూర్చున్నవారి తలలను మాత్రం వెలిగిస్తుంది, నటులకూ ఇబ్బంది. స్టేజీ వెనుక భాగం నల్లగా ఉంటే కెమెరా మోసపోయి ముఖాలను మరీ తెల్లగా చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (ఫోటో వెలుగును పెంచే, తగ్గించే అమరికను) మైనస్ 1 దగ్గర పెట్టి చూడండి.

నల్లని పట్టీలు లెన్సు లోపం కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక రకం ఎల్ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతాయి. షట్టర్ వేగం మరీ ఎక్కువైతే ఆ తగ్గిన క్షణం పట్టీగా పడుతుంది. 1/100 పెడితే ఒక చక్రం మొత్తం పట్టి, వెలుగు సమంగా వస్తుంది. దీపాల కింద నిలకడగా ఉన్న ముఖాలకు 1/100, గెంతే పిల్లలకు 1/200 పెట్టి పట్టీలు పడుతున్నాయేమో తెరమీద చూసుకోండి. దసరాకు ముందే వినాయక చవితి వస్తుంది. మీ వీధి మండపం దగ్గర రాత్రి హారతి వేళ 50తో సాధన చేస్తే, హైదరాబాదులో అపర్చర్ ఏది, ఐఎస్ఓ ఏది అని తడుముకునే పని ఉండదు.

ఒంగోలు అమ్మ:

బెంచీ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. ఒక్క చేర్పు: బ్యాగులో లెన్సుల వెనుక మూతలు, బాడీ మూత ఏ జేబులో ఉన్నాయో మీ నాన్నగారికి కూడా చూపించి ఉంచండి, మార్చేటప్పుడు ఆయన అందిస్తారు. హోటలులో రాత్రంతా ఏసీ వేసి ఉంచిన గది నుంచి బయటికి రాగానే లెన్సు మీద ఆవిరి పట్టవచ్చు. గది లోపలే బ్యాగు జిప్పు మూసి, బయటికి వచ్చాక ఇరవై నిమిషాలు తెరవకుండా ఉంచితే సరిపోతుంది. ఆవిరి పట్టిన లెన్సును పైటకొంగుతో తుడవవద్దు, దానంతట అదే పోతుంది.

కావలి వాసి:

చాలా ఉపయోగకరమైన సంగతులు తెలిశాయి. ఫిల్టర్ 58 ఎం.ఎం.ది, లెన్సు 50 ఎఫ్ 1.8. ఈ రెండూ ఈ వారంలో నెల్లూరు వెళ్లి తీసుకుంటాను. 50ను సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే ఏమి చూసి తీసుకోవాలో ఒక మాట చెప్పగలరా?

ట్రంకు రోడ్డు స్టూడియో, నెల్లూరు:

పేరు మీద ఎస్‌టీఎం అని ఉన్నదే తీసుకోండి. పాత రకంలో మౌంటు (కెమెరాకు తగిలించే భాగం) ప్లాస్టిక్‌ది, ఫోకస్ మోటారు గరగరమని శబ్దం చేస్తుంది, 45 సెంటీమీటర్ల కన్నా దగ్గరికి ఫోకస్ కాదు. కొత్తదానికి లోహపు మౌంటు ఉంటుంది, 35 సెంటీమీటర్ల దాకా వస్తుంది, వీడియోలో మోటారు చప్పుడు అంతగా వినపడదు. లెన్సును ఫోన్ టార్చి వెలుగులో రెండు వైపుల నుంచీ చూసి, లోపలి గాజు మీద సాలెగూడు వంటి తెల్లని పోగులు ఉంటే వదిలేయండి, అది బూజు. మన కోస్తా తేమలో బీరువాలో పెట్టి మరిచిపోయిన లెన్సులకు అది తరచుగా పడుతుంది. మీ కెమెరాను వెంట తీసుకువెళ్లి, దుకాణంలోనే ఎఫ్ 1.8 వద్ద మీటరు దూరంలో ఉన్న ఒక మనిషి కంటి మీద ఫోకస్ చేసి పది ఫోటోలు తీసి, తెరమీద పెద్దది చేసి చూడండి. పదింటిలో ఎనిమిదైనా కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తే డబ్బు ఇవ్వవచ్చు.